ఏడు వందల అంగలు

ఉచితం అని రాసి ఉంది పైన.
పిలకాయలకు ఆకాశం చెప్పే టీచర్లకు
నలభై రెండు పేజీలు, ఎవరైనా తీసుకోవచ్చు.
బంగారుపాళ్యం బస్టాండు కాడ
ఖలందర్ జిరాక్సు షాపులో మాత్రం
పేజీ రెండు రూపాయలు.
"ఏంది మేడం ఇంత నలుపు,
ఉత్త చీకటికే నా టోనర్ అయిపోయేట్టుండాది."
చివరికి తిరగేసి కొట్టిచ్చినాడు:
తెల్లటి రాత్రి, నల్లటి చుక్కలు.
ఆ నాలుగు పేజీలకు డబ్బు తీసుకోలా.

అందులో సూర్యుడు బాస్కెట్‌బాల్.
మా బళ్ళో అది లేదు.
రెండు రాత్రులు కూర్చుని లెక్కలు మార్చుకున్నాను.
పీచు తీయని చిన్న టెంకాయ సూర్యుడైతే
భూమి ఒక రాగిగింజ,
ఇరవై మూడు అంగల అవతల.
గురుడు గోళీ. శని చింతగింజ.
వలయానికి గాజు ఇస్తానంది హాజిరా,
పెద్దదైపోతుందే అంటే
చెవి రింగు తీసింది.
చందమామ ఇసుక రేణువు,
రాగిగింజకు మూడు వేళ్ల దూరం.
మనిషి కాలు ఇప్పటికి పోయిందంతా
ఈ మూడు వేళ్లే అన్నాను.
ఎవరూ నమ్మలా.

"ఇంకో టెంకాయ యాడుండాది మేడం?
దగ్గర చుక్క?"
కాశ్మీరానికి పోయి మళ్లీ వచ్చినంత.
"బస్సులోనా?" అని రెడ్డిరాణి.
కాదే, కాకి పోయినట్టు, తిన్నగా.

నెప్ట్యూన్ కందిగింజ.
బడి గేటు దాటి, రోడ్డు వారనే పోయి,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందర
తోతాపురి కాయల ట్రాక్టర్లు
మూడు రోజులుగా వరస కట్టిన చోట.
మొగిలీశుకు ఇచ్చాను.
చివరి బెంచీ వాడికి చివరి గ్రహం,
అంతకు మించి ఆలోచించలేదని
ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.
"పిలిచేదాకా కదలొద్దు."
వాడి లెక్క కొంచెంసేపు వినిపించింది,
నూటిరవై, నూటిరవై ఒకటి,
తర్వాత లారీ హారన్.

హెడ్‌మాస్టరు పిలిచాడు.
కోడిగుడ్ల లెక్క ఫోన్లో ఎక్కలేదంట.
గుడ్లు ఎక్కేసరికి
లాంగ్ బెల్ కొట్టేశారు.
సూర్యుడు నా బల్ల మీద ఉన్నాడు.
శని చెవికి పోయింది.
చిత్తూరు బస్సులో సీటు దొరికాక
చేతులు ఊరికే ఉండలేక
డబ్బీలో గింజలు లెక్కపెట్టాను.

కండక్టరు ఏదో అంటున్నాడు, నేను దిగేశాను.

చీకటి పడతా ఉంది.
పుల్లటి మామిడి వాసన, ఈగలు,
ట్రాక్టరు కింద గుడ్డ పరుచుకుని పడుకున్న రైతు.
పదో ట్రాక్టరు పక్కన వాడు,
కుడి చెయ్యి పిడికిలి బిగించి.
"ఏరా, ఇంటికి పోలేదా?"
"పిలవలా కదా మేడం."
వాళ్లమ్మ షిఫ్టు దిగి పిలిచిందంట.
"ఇప్పుడు రాకూడదు మా,
నేను పోతే ఇంగ ఆఖరు శనే అయిపోతాది అన్నా."
యురేనస్‌ను వాడూ మర్చిపోయాడు.
ఆ గింజ పట్టుకున్నది ఎవరో
నాకూ గుర్తుకు రాలేదు.

పిడికిలి విప్పాడు.
చెమటకు కందిగింజ పొట్టు లేచిపోయింది.
"ఈడ్నుంచి టెంకాయ కనపళ్ళా మేడం.
ఉండాదిలే అనుకున్నా."

బడి వైపు చూశాను.
గేటు స్తంభాలు కూడా తెలియడం లేదు.
నేను ఏమీ అనకముందే వాడే అన్నాడు:
"రేపు నన్ను బుధుడు చేయండి.
తొమ్మిది అంగలే."

నలభై రెండో పేజీలో టీచర్లకు ఒక గడి ఉంది,
ఈ పాఠానికి ఎంత సమయం పట్టింది అని.
నలభై నిమిషాలు అని రాశాను.
కొట్టేశాను.
మళ్లీ రాయడానికి పెన్ను పట్టుకుని
చాలాసేపు కూర్చున్నాను.